దీవికి వెళ్లకముందు దిగిన ఫోటో

ఇలా నా పక్కకి జరగండి. ఇంకొంచెం. ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని వినాల్సిన కథ. ఇందులో ఉన్నవాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు. ఉన్న సగం మంది ఒప్పుకోరు. అందుకని చెవి ఇటు పెట్టండి.

అప్పట్లో మా వీధి మలుపులో ఒక ఫోటో స్టూడియో ఉండేది. ఇప్పుడంటే జేబులోంచి ఫోను తీసి టక్కున నొక్కేస్తున్నారు గానీ, ఆ రోజుల్లో ఫోటో దిగడమంటే ఒక పూట పని. తలలు దువ్వుకుని, ఇస్త్రీ బట్టలు వేసుకుని, ఇంటిల్లిపాదీ నలగకుండా నడిచి వెళ్లేవాళ్లు. ముందు గదిలో అద్దాల షోకేసు, అందులో నవ్వీ నవ్వని పెళ్లిజంటలు. లోపలి గదిలో రెండు పెద్ద దీపాలు, ఒక గుండ్రటి స్టూలు, మూడు కాళ్ల మీద చెక్క కెమెరా, దాని వెనక వేలాడే నల్లగుడ్డ. ఫోటోగ్రాఫరు ఆ గుడ్డలో తల దూర్చి, "కదలొద్దు" అనేవారు. చంటిపిల్లలకీ అదే మాట, పళ్లూడిన తాతలకీ అదే మాట. అలా అనీ అనీ ఆయన పేరే కదలొద్దుగారు అయిపోయింది. అసలు పేరు బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఉండేది, కానీ అది చదివే ఓపిక ఎవరికీ ఉండేది కాదు.

ఆయన పనితనం మాత్రం గొప్పది. నెగెటివు మీద సన్న పెన్సిలు పెట్టి మొహం మీది మచ్చలు, ముడతలు మాయం చేసేవారు. రంగుల ఫోటోలు ఇంకా మా దాకా రాని రోజులు కనుక, దూది చుట్టిన పుల్లతో బుగ్గలకి ఎరుపు, ఆకులకి పచ్చ అద్ది, నలుపూ తెలుపూ ఫోటోకి ప్రాణం పోసేవారు. ఇన్ని చేసిన మనిషి తన పెళ్లి ఫోటో మాత్రం చెడగొట్టుకున్నారు. ఇంకెవరి చేతికీ కెమెరా ఇవ్వనని, అంతా తనే సర్ది, గడియారంలా తిరిగే బటను నొక్కి, పరుగెత్తుకొచ్చి పెళ్లికూతురి పక్కన నిలబడ్డారు. నిలబడేలోపే ఫోటో పడిపోయింది. అందులో పెళ్లికూతురు స్పష్టంగా ఉంటుంది. పక్కన పొగలాంటిదేదో ఉంటుంది. ఆ పొగే కదలొద్దుగారు.

పెళ్లయిన కొత్తలో ఆయన స్టూడియోకి రెండు తెరలు వేయించారు. ఒకటి ఆయన ఇష్టం, రాజభవనం మెట్లు. రెండోది ఏం వేయించమంటావని భార్యని అడిగితే, ఆమె తడుముకోకుండా "సముద్రం" అంది. ఆమె అప్పటికి సముద్రం చూడలేదు. బొమ్మ వేసినాయన కూడా చూడలేదు. అయినా వేశాడు. ఎడమవైపు మూడు కొబ్బరిచెట్లు, కుడివైపు ఒక పడవ, మధ్యలో నీలిమందు కలిపినంత నీలం, దాని మీద దువ్వెన పళ్లలా ఒకే ఎత్తులో వరసగా అలలు. వచ్చినవాళ్లందరూ మెట్ల తెరే అడిగేవాళ్లు. "పెళ్లి ఫోటోలో నీళ్లేమిటండీ, ముంచేస్తారా?" అనేవాళ్లు. అలా సముద్రం తలుపు వెనక చుట్టలా పంతొమ్మిదేళ్లు నిలబడిపోయింది. నెలకోసారి ఆమె దాన్ని విప్పి, పొడిగుడ్డతో ఒక్కో అలనీ తుడిచి, మళ్లీ చుట్టిపెట్టేది.

ఒక సోమవారం పొద్దున, కదలొద్దుగారు లెన్సు తుడుచుకుంటూ ఉండగా, ఆమె తెర తుడుస్తూ మాట కదిపింది.

"ఏమండీ, మన నది సముద్రంలో కలిసేచోట ఆ దీవి ఉందిగా, ఒకసారి వెళ్లొద్దాం. నిజం సముద్రం చూద్దాం."

"ఎవరి పెళ్లి?"

"ఎవరి పెళ్లీ కాదు. మనమే."

"మనకి అయిపోయిందిగా!"

పెళ్లిళ్లకి తప్ప ఊరు కదలని మనిషి మరి, అంతకంటే ఏం తోస్తుంది? ఆమె గుడ్డ పక్కన పెట్టి వచ్చి ఎదురుగా కూర్చుంది. "వారానికొక స్టీమరుందట. బుధవారం ఎక్కితే గురువారం దించుతుంది. మళ్లీ వచ్చే బుధవారానికి ఇంట్లో ఉండొచ్చు. వానలు మొదలైతే మూడు నెలలు తిరగదట. ఆఖరి స్టీమరుకి ఇంకా ఇరవై మూడు రోజులుంది."

"ఇవన్నీ నీకెవరు చెప్పారు?"

"మొన్న మీరు ఫోటోలు తీసిన పెళ్లిలో స్టీమరు గుమాస్తా ఉన్నాడు. మీరు ఆయన ముక్కు వంకర చూశారు. నేను స్టీమరు టైము అడిగాను."

కదలొద్దుగారు నవ్వి, "సరే పోదాం. పెద్ద కెమెరా మోయలేం, చిన్నది పట్టుకెళ్దాం" అన్నారు.

"అదే చెప్పొస్తున్నా. చిన్నదీ వద్దు, పెద్దదీ వద్దు. కెమెరా రాకూడదు."

ఆయన కుడిచెయ్యి ఇంట్లో వదిలి రమ్మన్నట్టు చూశారు.

"పంతొమ్మిదేళ్లలో మీతో ఎన్ని ఊళ్లు తిరిగాను! ఏ ఊళ్లో మీ మొహం చూశాను? నల్లగుడ్డ చూశాను" అంది ఆమె. "కిందటి నెల మీకు జ్వరమొచ్చిన ఎనిమిది రోజులే మీరు నాకు దొరికారు. స్టూడియో మూసి, మంచం పక్కన కూర్చుని, ఎన్ని కబుర్లు చెప్పుకున్నాం! ఇంకో ఎనిమిది రోజులు కావాలి. ఈసారి జ్వరం లేకుండా."

పెదాల మీద నవ్వు ఉంది, కళ్లలో లేదు. ఆయన మొహాలు చూసి బతికేవారు కదా, ఆ తేడా పట్టేశారు. "మాట ఇస్తున్నా. కెమెరా రాదు" అన్నారు.

మాటైతే ఇచ్చారు గానీ, మూడు రోజులు అన్నం సహించలేదు. దీవికి వెళ్లి ఒక్క ఫోటో లేకుండా తిరిగి రావడమా? నాలుగో రోజు పొద్దున పళ్లు తోముకుంటూ తోముకుంటూ ఆగిపోయి, నోటి నిండా నురగతో పరుగెత్తుకొచ్చారు.

"వెళ్లకముందే దిగేద్దాం!"

"ఏమిటి దిగేది?"

"దీవి ఫోటోలు. మన సముద్రం ఉందిగా! అక్కడ ఎండ నా మాట వింటుందా? కళ్లు చిట్లిస్తాం, జుట్టు చెదురుతుంది. ఇక్కడైతే వెలుతురు నా చేతిలో ఉంటుంది. ఫోటోలు ముందే ఇంట్లో పెట్టుకుని నిశ్చింతగా వెళ్దాం."

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, ఒప్పుకుంది. పక్కన పొగ కాకుండా మొగుడు ఉన్న ఫోటో ఆమెకి ఒక్కటీ లేదు మరి.

కదలొద్దుగారు ఏ పనీ సగంలో వదలరు. పక్కన ఇల్లు కడుతుంటే వెళ్లి మేస్త్రీని రెండు తట్టల ఇసుక అడిగారు. "దేనికండీ?" అన్నాడు మేస్త్రీ. "సముద్రానికి" అన్నారు ఈయన. మేస్త్రీ ఇంకేం అడగలేదు. తెర ముందు ఇసుక పోసి, చేత్తో చిన్న చిన్న గుంటలు చేసి, జుట్టు ఎగరడానికి టేబుల్ ఫ్యాను పెట్టి, రెండు దీపాలనీ ఒకేవైపు తిప్పి సాయంత్రపు ఎండ తయారుచేశారు. కెమెరాకి పొడుగాటి రబ్బరు గొట్టం తగిలించి, దాని చివరి బుడగ వీపు వెనక పట్టుకుని, చెప్పుల్లేకుండా భార్య పక్కన నిలబడ్డారు. "కదలొద్దు" అని తనకు తనే చెప్పుకుని బుడగ నొక్కారు. నాలుగు ఫోటోలు. ఈసారి ఎవరూ పొగ కాలేదు.

వాటిని కడిగి, పెన్సిలు పెట్టి దిద్ది, నీళ్లకి నీలం అద్ది, అలల అంచుకి నురగ పెట్టి, ముందు గదిలో తీగకి క్లిప్పులతో ఆరేశారు. సరిగ్గా అప్పుడే ఆయన అక్క వచ్చింది.

ఈ అక్క గురించి చెప్పాలి. వెనక వీధిలో ఉండేది. వీధి మొత్తానికి ఆమె పెద్దక్కే. ఎవరింట్లో ఏం జరిగినా ముందు తనకి తెలియాలి. తెలియకపోతే దాన్ని తనకి జరిగిన అవమానం కింద జమకట్టేది. దీవి సంగతి ఆమెకి వెళ్లే ముందురోజు చెబుదామని మొగుడూ పెళ్లాం అనుకున్నారు. ముందే చెబితే ఆమె పెట్టె సర్దుకుంటుందని ఇద్దరికీ తెలుసు.

పెద్దక్క తీగ దగ్గర ఆగింది. ఒక ఫోటో చూసింది, రెండోది చూసింది. నాలుగూ చూసేసరికి మొహం ఎర్రబడింది.

"ఇదా మీ జ్వరం!"

"అక్కా, అది..."

"నోరు మూయ్. కిందటి నెల ఎనిమిది రోజులు తలుపులు మూసి ఉంటే, రెండుసార్లు వచ్చి పిలిచి, పలక్కపోతే పాపం ఎంత నీరసంగా ఉన్నాడోనని కళ్లనీళ్లు పెట్టుకున్నాన్రా నేను! మీరు దీవికెళ్లి ఇసుకలో షికార్లు కొడుతున్నారా?"

"వదినా, అది మన తెరే" అంది భార్య.

"తెర ముందు ఇసుక ఉంటుందా అమ్మాయ్? జుట్టు ఎగురుతుందా? ఆ ఎండ చూడు, ఆ నురగ చూడు! ఇది గది లోపల తీసిన ఫోటో అంటే గుడ్డివాడు కూడా నమ్మడు."

ఇక్కడ కదలొద్దుగారు గట్టిగా చెప్పి ఉంటే కథ ఇంతటితో అయిపోయేది. కానీ ఆయన కూడా తలెత్తి ఆ ఎండనీ ఆ నురగనీ చూశారు. ఇరవై ఏళ్లుగా తన పని మీద అంత గొప్ప మాట ఎవరూ అనలేదు. ఒక్క క్షణం ఛాతీ ఉప్పొంగి ఊరుకున్నారు. పెద్దక్కకి ఆ క్షణం చాలు. ఆయన నోరు తెరిచేలోపు ఆమె వీధిలో ఉంది.

సాయంత్రానికి వీధి వీధంతా ఆ సంగతే. ముందు కాంపౌండరు వచ్చాడు. జ్వరానికి మందిచ్చింది ఆయనే, కాబట్టి తమ తరఫున సాక్ష్యం చెబుతాడని వీళ్లు ఆశపడ్డారు. ఆయన గుమ్మంలోనే తల ఊపాడు.

"నేను అప్పుడే అనుకున్నా. నా మందుకి ఎనిమిది రోజుల్లో జ్వరం ఎప్పుడైనా తగ్గిందా? సీసా కాలవలో పారబోసి స్టీమరెక్కారన్నమాట."

తరవాత పోస్టుమాస్టరు వచ్చాడు. ఆయన వేళ్లు మడిచి లెక్కేశాడు. "బుధవారం ఎక్కితే బుధవారానికి ఇంట్లో. రానూ పోనూ ఎనిమిది రోజులు. స్టూడియో మూసింది ఎనిమిది రోజులు. ఇంకేం కావాలి?" అని, జేబులోంచి కాగితం తీసి, "ఇప్పుడు దారి చెప్పండి. నాకు మరో ఏడాదిలో రిటైర్మెంటు. మా ఆవిడ అడిగినప్పుడల్లా రేపు రేపంటూ ముప్ఫై ఏళ్లు గడిపేశాను" అన్నాడు.

ఆడవాళ్లం మేము లోపలికి వెళ్లి ఆమెని చుట్టుముట్టాం. ఎలా ఉంది, ఏం చూశావని తలో మాటా అడిగితే, పాపం ఆమె ఎంతసేపు కాదంటుంది? కాదన్న కొద్దీ దాస్తోందని మేము గిల్లుతున్నాం. చివరికి విసిగిపోయి, తనకి తెలిసిన సముద్రం చెప్పింది.

"ఎడమవైపు మూడు కొబ్బరిచెట్లు ఉంటాయి. మధ్యది కొంచెం వంగి ఉంటుంది. కుడివైపు పడవ. అలలన్నీ ఒకే ఎత్తు. కింద కుడి మూల..."

"ఊఁ, కుడి మూల?"

కుడి మూల కొంచెం చిరిగి కుట్టు వేసి ఉంటుందని అనబోయి నాలిక కరుచుకుంది. మేము మాత్రం కళ్లు విప్పార్చుకుని విన్నాం. అంత వివరంగా చూసినవాళ్లు తప్ప చెప్పగలరా?

రెండు రోజులు తిరక్కుండానే పెద్దక్క ఒక జాబితా పట్టుకొచ్చింది. ఆఖరి స్టీమరుకి వీధి నుంచి పదిహేడు మంది. పోస్టుమాస్టరు దంపతులు, కాంపౌండరు, ఆయన తల్లి, పెద్దక్క, బావగారు, వాళ్ల పిల్లలు, ఇంకా ఎవరెవరో. మా ఆయన పేరూ నా పేరూ కూడా అందులో ఉన్నాయి, దాచడం ఎందుకు?

"ఒరే తమ్ముడూ, దారి తెలిసినవాడివి, ముందు నువ్వు నడవాలి. చిన్న కెమెరా కాదు, పెద్దదే తీసుకురా. ఇంటికో ఎనిమిది ఫోటోలైనా పడాలి. పొద్దున ఒక విడత, సాయంత్రం ఒక విడత తీద్దువు గాని."

లోపల గిన్నె ఒకటి గట్టిగా చప్పుడైంది. పెద్దక్క వెళ్లాక కదలొద్దుగారు వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. ఆమె ఇటు తిరగలేదు.

"ఎనిమిది రోజులు, పదిహేడు మంది, ఒక నల్లగుడ్డ" అంది గోడతో. "దానికి సముద్రం దాకా ఎందుకండీ? ఇక్కడే ఉన్నాంగా."

అంతకు మించి ఒక్క మాట అనలేదు. అరిచినా బాగుండేదని ఆయన తరవాత ఎన్నోసార్లు అనుకున్నారు. మర్నాడే పదిహేడు మందినీ స్టూడియోకి పిలిచారు. తలుపు వెనకనుంచి చుట్ట తీసి, అందరి ముందూ తెర జారవిడిచారు.

"చూడండి. ఇదే ఆ సముద్రం. పంతొమ్మిదేళ్లుగా ఇక్కడే ఉంది. మేము ఎక్కడికీ వెళ్లలేదు. నాకు వచ్చింది జ్వరమే. మేము వెళ్లబోయేది ఈసారి. మేమిద్దరమే."

పెద్దక్క ముందుకొచ్చి, చూపుడు వేలితో తెరని ఈ చివరినుంచి ఆ చివరికి రాసి, వేలు ఎత్తి అందరికీ చూపించింది.

"పంతొమ్మిదేళ్లా! మా కిటికీ మొన్న కడిగాను, దాని మీద ఇప్పుడు పేరు రాయొచ్చు. దీని మీద చిటికెడు దుమ్ము లేదు. అక్కడ చూసొచ్చి, ముచ్చటపడి కొత్తగా గీయించుకున్నావు. చెప్పరా, మీ అక్కకి చెబితే ఏం పోయింది?"

భార్య పంతొమ్మిదేళ్లు తుడిచిన తుడుపు వాళ్ల మీదే సాక్ష్యమైంది. కదలొద్దుగారు చివరి ఆశగా కిటికీలోంచి మేస్త్రీని కేకేశారు. "నేను ఇసుక తీసుకెళ్లానా లేదా? దేనికని చెప్పాను?"

"తీసుకెళ్లారండీ. రెండు తట్టలు. సముద్రానికన్నారండీ."

"విన్నారా!" అన్నాడు కాంపౌండరు. "సముద్రానికి ఎవడైనా ఇసుక మోసుకెళతాడా? అబద్ధం నేర్పేటప్పుడు కాస్త నమ్మేలా నేర్పాలి కదలొద్దుగారూ."

మేస్త్రీ పని చేసుకోవడానికి వెళ్లిపోయాడు. కదలొద్దుగారు స్టూలు మీద కూలబడ్డారు. అప్పుడు ఆయన భార్య లోపలినుంచి వచ్చింది. చీపురుతో మూలనున్న ఇసుకని తెర ముందుకి తోసింది, ఫ్యాను స్విచ్చి వేసింది, దీపాలు వెలిగించింది.

"అన్నయ్యగారూ, మీరు ఇలా వచ్చి నిలబడండి. చెప్పులు విప్పి" అంది పోస్టుమాస్టరుతో. "నోటితో చెబితే ఎవరూ నమ్మడం లేదు. ఫోటో అయితే నమ్ముతారుగా."

పోస్టుమాస్టరు మొహమాటపడుతూ నిలబడ్డాడు. ఆయన భార్య కూడా వచ్చి నిలబడింది. ఇసుక కాలికి తగలగానే ఇద్దరూ ఎందుకో చిన్నగా నవ్వుకున్నారు. "కదలొద్దు" అన్నారు నల్లగుడ్డలోంచి.

మూడో రోజు ఫోటో చేతికొచ్చింది. సాయంత్రపు ఎండ, నీలి నీళ్లు, వంగిన కొబ్బరిచెట్టు, దాని కింద జుట్టు ఎగురుతున్న పోస్టుమాస్టరు, ఇరవై ఏళ్లు తగ్గిన ఆయన భార్య. వాళ్లిద్దరూ దాన్ని ఎంతసేపు చూశారో! పోస్టుమాస్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "అయితే మీరు నిజంగానే వెళ్లలేదన్నమాట" అన్నాడు. ఆ తరవాత ఇంకో మాట కూడా అన్నాడు. "మా తమ్ముడికి ఇది పంపితే, మేము వెళ్లలేదని వాడికి మాత్రం ఎలా తెలుస్తుంది?"

ఆ మాట వీధి పట్టుకుంది. స్టీమరులో కడుపులో తిప్పుతుందని కాంపౌండరుకి హఠాత్తుగా గుర్తొచ్చింది. వాళ్లమ్మకి ఉప్పుగాలి పడదని తేలింది. మా ఆయనకి దొరగారిని సెలవు అడగాలంటే ఎప్పుడూ భయమే. ఒక్కొక్కళ్లం చెప్పులు విప్పి ఇసుకలోకి దిగాం. జాబితాలో లేనివాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. ఇసుక అరిగిపోతే మేస్త్రీ మరో రెండు తట్టలు తెచ్చి, ఈసారి ఏమీ అడక్కుండా పోసి, తనూ ఒకటి దిగాడు. పంతొమ్మిదేళ్లు ఎవరూ అడగని సముద్రం ముందు వీధంతా బారులు తీరింది. మెట్ల తెర మూలపడింది.

కదలొద్దుగారికి మళ్లీ నల్లగుడ్డే గతైంది. పొద్దున్నే దూర్చిన తల మధ్యాహ్నానికి గానీ బయటికొచ్చేది కాదు. కడగాలి, దిద్దాలి, రంగులద్దాలి. ఆఖరి స్టీమరు దగ్గరకొస్తోంది, ఇంకా పదకొండు ఫోటోలున్నాయి. ఆమె ఒకరోజు చూసింది, రెండో రోజు చూసింది. మూడో రోజు ఒక స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుని దూదిపుల్ల చేతిలోకి తీసుకుంది.

"మొహాలు మీరు చూసుకోండి. నీళ్లు నాకు వదిలేయండి."

అలా ఎవరెవరి వెనకో ఉన్న సముద్రానికి ఆమె నీలం అద్దింది. నేను ఫోటో కోసం వెళ్లినప్పుడు చూశాను, బల్లకి అటొకరు ఇటొకరు, తలలు వంచుకుని, మధ్యలో ఒక రంగుల పళ్లెం. నన్ను చూసి, "ఇంకా తడిగా ఉందే, కాసేపాగు" అంది. అంతకన్నా అందమైన ఫోటో ఆ స్టూడియోలో ఎవరూ దిగలేదు. కానీ దాన్ని తీసే ఆయన కూడా బల్ల దగ్గరే ఉన్నారు కదా.

పెద్దక్క ఒక్కతే లొంగలేదు. ఎవరు మానుకున్నా తను స్టీమరెక్కి తీరతానంది. పెట్టె కూడా కట్టింది. "నీ తెర నాకెందుకురా? నీకు తోడుగా నేనైనా వస్తా. కెమెరా మర్చిపోకు" అంటూ, ఎందుకైనా మంచిదని ఒక ఫోటో మాత్రం దిగి వెళ్లింది. ఆ నెగెటివు ముందు కదలొద్దుగారు సోమవారమంతా కూర్చున్నారు. ఆ పెన్సిలుతో ఆయన ఆ రోజు చేసిన పని ఇంకే రోజూ చేసి ఉండరు. గడ్డాలు రెండుంటే ఒకటి చేశారు. నడుము సన్నం చేసి చుట్టూ గాలి పెట్టారు. కళ్ల కింద నీడలు తీసేశారు.

మంగళవారం మధ్యాహ్నం పెద్దక్క వచ్చి ఫోటో చేతిలోకి తీసుకుంది. దాని మీద కప్పిన పల్చటి కాగితం ఎత్తి చూసింది. మళ్లీ మూసి, మళ్లీ ఎత్తింది.

"ఒరే, నేను ఇలాగే ఉంటానా?"

"సముద్రం దగ్గర ఇలాగే ఉంటావక్కా."

"నిజంగా వెళితే ఇంత బాగా వస్తుందంటావా? ఎండకి నల్లబడతానేమో" అంది. కదలొద్దుగారు వృత్తి ధర్మంగా తల అడ్డంగా ఊపి, "చెప్పలేం అక్కా" అన్నారు. పెద్దక్క ఫోటో గుండెకి హత్తుకుని ఇంటికెళ్లి పెట్టె విప్పేసింది.

బుధవారం పొద్దున ఆ ఇద్దరూ స్టూడియోకి తాళం వేసి, ఒక్క చేతిసంచీతో స్టీమరెక్కారు. కెమెరాలు రెండూ ఇంట్లోనే ఉన్నాయి.

దీవిలో ఏం జరిగిందో ఆమె నాకు చాలా ఏళ్ల తరవాత చెప్పింది. వాళ్లు దిగేసరికి ముసురు పట్టి ఉందట. సముద్రం నీలంగా లేదట, తడిసిన బూడిద రంగులో ఉందట. ఏ రెండు అలలూ ఒక్క ఎత్తులో లేవట. "అదేమిటే, అలా ఎలా కదులుతూనే ఉంటుంది! ఒక్క క్షణం ఆగదే!" అని నా చెయ్యి పట్టుకుని చెప్పింది, అప్పుడే చూసొచ్చినట్టు. మొదటి రోజు ఆయనకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదట. ఊరికే వేళ్లతో గాల్లో ఫోటో చట్రాలు కట్టేవారట. మూడో రోజు కొబ్బరాకుల గుడిసె చూరు కింద పక్కపక్కన కూర్చుని ఉండగా, ఆమె మొహం కేసి పరీక్షగా చూసి అడిగారట.

"నీ ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉందా?"

"పుట్టినప్పటినుంచీ ఉంది."

"అయ్యో! నీవి ఎన్ని ఫోటోలు తీశాను, అన్నిట్లోనూ దుమ్ము పడిందనుకుని చెరిపేశాను."

ఆమె అలిగి, ఆ పూటంతా కుడి చెంపే చూపించిందట. ఇది చెబుతున్నప్పుడు ఆమెకి అరవై దాటాయి, అయినా సిగ్గుపడింది.

ఎనిమిదో రోజున తిరిగొచ్చారు. ఎండా వానా తిని, కాస్త నల్లబడి, జుట్టు అట్టకట్టి వచ్చారు. కదలొద్దుగారు స్టూడియో తాళం తీస్తుంటే పెద్దక్క ఎదురైంది. వెనక పోస్టుమాస్టరు, కాంపౌండరు, మేము.

"ఎక్కడికెళ్లార్రా?"

"దీవికి అక్కా! నిజంగా వెళ్లాం. ఎంత బాగుందనుకున్నావ్!"

అందరం మొహమొహాలు చూసుకున్నాం. పోస్టుమాస్టరు చిన్నగా దగ్గి, "ఫోటో ఉందా?" అని అడిగాడు.

"లేదు. కెమెరా తీసుకెళ్లలేదు."

"ఫోటోగ్రాఫరు దీవికెళ్లి కెమెరా తీసుకెళ్లలేదు!" అని కాంపౌండరు ఒక్కొక్క మాటా విడదీసి పలికాడు. ఆ తరవాత నవ్వని వాళ్లు లేరు. నేనూ నవ్వాను.

పెద్దక్కకి మరదలి మీద జాలేసింది కాబోలు, భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకెళ్లింది. "వెళ్లకపోతే వెళ్లలేదని చెప్పచ్చు కదమ్మాయ్, ఇందులో నామోషీ ఏముంది? సరే, ఎలా ఉందేమిటి మీ సముద్రం?"

"బూడిద రంగులో ఉంది వదినా. అలలు ఒకటి పెద్దదీ, ఒకటి చిన్నదీ..."

"అదిగో, అక్కడే దొరికిపోయావు" అని పెద్దక్క చేతిసంచీలోంచి తన ఫోటో తీసింది. ఎనిమిది రోజుల్లో అది లేకుండా ఆమె గడప దాటింది లేదు. "చూడు, సముద్రం నీలంగా ఉంటుంది. అలలన్నీ ఒకే ఎత్తు. ఎడమవైపు మూడు కొబ్బరిచెట్లు. ఎవరైనా అడిగితే ఇలా చెప్పు, నవ్వకుండా ఉంటారు."

కదలొద్దుగారు ఉక్రోషంతో ఏదో అనబోయారు. భార్య ఆయన కేసి చూసింది. ఆ చూపులో ఏం కనిపించిందో, ఆయన వచ్చి పక్కనే కూర్చున్నారు. "అవును వదినా, నీలమే" అంది ఆమె. పెద్దక్క దీవి గురించి గంటసేపు చెప్పింది. ఇద్దరూ చక్కగా విన్నారు.

ఇప్పుడు ఆ స్టూడియో లేదు. వాళ్లిద్దరూ లేరు. మా వీధిలో ఎవరింటికి వెళ్లినా గోడ మీద దీవి ఫోటో ఒకటి ఉంటుంది, మనవలు వాటిని చూపించి, మా తాతా నాన్నమ్మా దీవికి వెళ్లొచ్చారని గొప్పగా చెబుతారు. మా ఇంట్లోనూ ఒకటుంది, నేనూ ఎవరినీ సరిదిద్దలేదు. వెళ్లింది మాత్రం వాళ్లిద్దరే, వాళ్లకే ఆధారం లేదు. అందుకని మీరు ఇది గుర్తుపెట్టుకోండి. నేను చెప్పినట్టే ఇంకో నలుగురికి చెప్పండి, పిల్లలకి కూడా చెప్పండి. సముద్రం బూడిద రంగులో ఉందని చెప్పండి, నీలమని చెబితే వెంటనే నమ్మేస్తారు గానీ, అది తెర మీద మేము వెళ్లిన సముద్రం.